నమాజు: శబ్దార్థం, స్వరూపం, ప్రయోజనం

సికింద్రాబాదులోని పద్మారావు నగర్‌లో స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. దానికి చేరువలోనే ఉన్న ముషీరాబాదులో కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు ఉన్నది. ఇటువంటి వాడలలో నివసించే తెలుగువారికి గుడిగంట ఎంత పరిచితమో అజాన్ పిలుపు కూడా అంత పరిచితం. అయినప్పటికీ నమాజు అంటే ఏమిటని ప్రశ్నిస్తే తెలుగువారి నుంచి సాధారణంగా వచ్చే సమాధానం ఒక్కటే: అది మహమ్మదీయుల ప్రార్థన. పాఠ్యగ్రంథాలలోను, పత్రికలలోను, అనువాదాలలోను ఈ మాటే స్థిరపడినది. ఈ సమాధానం అసత్యం కాదు, కాని అసమగ్రం. ప్రార్థన అనే మాటతో నమాజును గ్రహించినవారికి అందులోని కాలనియమం, అంగవిన్యాసం, పంక్తిక్రమం, అనుల్లంఘనీయత అన్నీ అనవసరమైన ఆడంబరాలుగా కనిపించే అవకాశం ఉన్నది. దేవుని ఏదైనా కోరుకోవడానికి ఇన్ని నియమాలు ఎందుకు అనే ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. ప్రశ్నలో ఉన్న చిక్కు నమాజుది కాదు, దానికి పెట్టిన పేరుది. కనుక ముందుగా శబ్దవిచారం, పిదప స్వరూపనిరూపణం, తరువాత ప్రయోజనవిచారం చేయడం యుక్తం.

శబ్ద విచారం

సంస్కృతంలో ప్రార్థన అనే పదం ప్ర ఉపసర్గ పూర్వకమైన అర్థ ధాతువు నుంచి ఏర్పడినది. ధాతుపాఠం ఈ ధాతువుకు యాచన అనే అర్థాన్ని చెప్పినది. అనగా ప్రార్థనలో కోరేవాడు, కోరదగిన వస్తువు, ఇచ్చేవాడు అనే మూడు అంశాలు తప్పవు. కోరిక లేనిదే ప్రార్థన లేదు. కోరిక ఎప్పుడు కలిగితే ప్రార్థన అప్పుడు. దానికి కాలనియమం ఉండనక్కరలేదు.

ఇస్లాంలో ఈ అర్థానికి సరిపోయే పదం వేరే ఉన్నది. అది దుఆ. పిలవడం అనే అర్థం గల అరబీ ధాతువు నుంచి వచ్చిన ఈ పదం దేవుని పిలిచి తన అవసరం విన్నవించుకోవడాన్ని తెలుపుతుంది. దుఆకు నియత కాలం లేదు, నియత భాష లేదు, నియత సంఖ్య లేదు. తెలుగు మాట్లాడే ముస్లిం తన బిడ్డ ఆరోగ్యం కోసం తెలుగులోనే దుఆ చేసుకోవచ్చును.

దినమునకు ఐదు పర్యాయాలు విధిగా ఆచరించే ఉపాసనకు ఖురాన్ వాడిన పదం సలాత్. అరబీకి సోదర భాష అయిన అరమాయిక్‌లో దీనికి సమానమైన పదం ఉపాసనార్థంలో అంతకు ముందే వ్యాప్తిలో ఉన్నది. మూడవ పదం జిక్ర్. దీనికి స్మరణ అని అర్థం. ఈ విధంగా సలాత్, దుఆ, జిక్ర్ అనే మూడు పదాలు మూడు భిన్నార్థాలను బోధిస్తాయి. తెలుగులో ఈ మూడింటికీ ప్రార్థన అనే ఒక్క మాట వాడినప్పుడు మూల భాషలోని వివేకం అనువాదంలో లుప్తమవుతుంది.

తెలుగు దేశానికి సలాత్ అనే అరబీ పదం కంటె ముందుగా చేరినది నమాజు అనే పారసీక పదం. బహమనీల, కుతుబ్‌షాహీల పాలనాకాలంలో పారసీకం రాజభాషగా ఉండడం, దక్కనీ ఉర్దూ వ్యవహారభాషగా పెరగడం ఇందుకు కారణాలు. ఈ పదం సంస్కృత విద్వాంసులకు ఆసక్తి కలిగించేది. మధ్య పారసీకంలోని నమాజ్ పదానికి, అవెస్తాలోని నెమహ్ పదానికి, సంస్కృతంలోని నమస్ శబ్దానికి మూలం ఒక్కటే. ఇస్లాం పారసీక దేశానికి చేరకముందే అక్కడ వందనార్థంలో ఉన్న పదాన్ని ఆ దేశీయులు సలాత్‌కు పర్యాయంగా స్వీకరించారు. సంస్కృతంలో నమ ధాతువుకు వంగడం, శబ్దించడం అనే రెండర్థాలను ధాతుపాఠం పేర్కొన్నది. నమాజులో ఈ రెండూ ఉన్నవి: శరీరం వంగుతుంది, వాక్కు పలుకుతుంది. పేరు పెట్టినవారు ఈ ధాత్వర్థాన్ని ఆలోచించి పెట్టినారని చెప్పలేము. అయినా యాచనార్థకమైన ప్రార్థన కంటె వందనార్థకమైన నమస్సు సలాత్‌కు సన్నిహితమని మాత్రం ఇందువలన స్పష్టమవుతున్నది.

మసీదు అనే తెలుగు మాట కూడా ఇక్కడ స్మరించదగినది. అది మస్జిద్ శబ్దానికి వికృతి. మస్జిద్ అనగా సజ్దా చేసే చోటు, సాగిలపడే స్థలం. యాచించే స్థలం అని దానికి పేరు రాలేదు. నొసలు నేలకు తాకించే స్థలం అని పేరు వచ్చినది.

క్రియాపదాల సాక్ష్యం

నామపదం కంటె దానితో కలిసే క్రియాపదం ఒక్కొక్కప్పుడు ఎక్కువ విషయం చెబుతుంది. తెలుగులో నమాజు చేయడం, నమాజు చదవడం అనే రెండు ప్రయోగాలు ఉన్నవి. చేయడం అనేది అన్య మతస్థుల నోట ఎక్కువగా వినిపిస్తుంది. అది కంటికి కనిపించే అంగవిన్యాసాన్ని ప్రధానం చేసిన ప్రయోగం. చదవడం అనేది ముస్లింల ఇళ్లలో బాగా వినిపించే ప్రయోగం. ఉర్దూలోని నమాజ్ పఢ్‌నా అనే పలుకుబడికి అది తెలుగు రూపం. ఇక్కడ పఠనం ప్రధానం. ఉర్దూలోనే అదా కర్‌నా అనే మరొక ప్రయోగం ఉన్నది. చెల్లించవలసిన దానిని చెల్లించడం అని దాని భావం. ఈ ప్రయోగంలో నమాజు ఒక ఋణం. సకాలంలో చేసినది అదా, కాలం మించిన పిదప చేసినది కజా. ధర్మశాస్త్ర పరిభాషలో ఈ రెండు పదాలూ స్థిరపడినవి.

ఖురాన్ సలాత్ పదంతో తరచుగా కలిపి వాడిన క్రియ వీటన్నిటికంటె భిన్నమైనది. నిలబెట్టడం, నెలకొల్పడం అనే అర్థం గల ఇకామత్ ధాతువే ఆ క్రియ. ఒక స్తంభాన్ని నిటారుగా నిలిపి ఉంచినట్లు సలాత్‌ను నిలిపి ఉంచవలెనని ఆ ప్రయోగంలోని ధ్వని. చేసి ముగించేది ఒకటి, చదివి ముగించేది మరొకటి, చెల్లించి విముక్తుడయ్యేది ఇంకొకటి. నిలబెట్టడమనే క్రియకు మాత్రం ముగింపు లేదు. ఐదు వేళలలో జరిగేది ఆ నిలబెట్టడానికి సాధనం. నిలబడవలసినది ఆ వేళల నడుమ గడిచే జీవితం. నమాజు ప్రయోజనమంతా ఈ ఒక్క క్రియాపదంలో సూక్ష్మరూపంగా ఉన్నది.

అధికారం, కాలం

పూర్వమీమాంసకులు కర్మలను నిత్య, నైమిత్తిక, కామ్యములని విభజించారు. ఈ విభాగాన్ని ఉపమానంగా మాత్రమే తీసుకొంటే నమాజు వ్యవస్థ సులభంగా బోధపడుతుంది. ఐదు వేళల ఫర్జ్ నమాజులు నిత్యవిధి వంటివి. కోరిక ఉన్నా లేకున్నా ఆచరించవలసినవి, మానితే దోషం కలిగించేవి. గ్రహణ సమయంలోను, అనావృష్టిలోను, మరణం సంభవించినప్పుడును చేసే నమాజులు నైమిత్తికాల వంటివి. ఏదైనా అవసరం తీరవలెనని చేసే హాజత్ నమాజు కామ్యం వంటిది. కామ్యమైనది ఐచ్ఛికం, నిత్యమైనది మాత్రమే అనుల్లంఘనీయం. యాచన ప్రధానమైన నమాజు ఐచ్ఛికంగా ఉండి, యాచనతో నిమిత్తం లేని నమాజు విధిగా ఉండడం గమనార్హం. నిత్య నమాజు ప్రయోజనం కోరికలను తీర్చుకోవడం కాదనడానికి ఇది ప్రబలమైన హేతువు.

అధికారి విషయంలో వర్ణభేదం గాని, లింగభేదం గాని లేదు. యుక్తవయస్సు వచ్చి, బుద్ధి స్థిరంగా ఉన్న ప్రతి ముస్లిం స్త్రీకి, పురుషునికి ఇది విధి. ఋతుకాలంలో స్త్రీలకు మినహాయింపు ఉన్నది. ఆ దినాల నమాజులను తరువాత పూరించవలసిన పని లేదు. నిలబడలేని రోగి కూర్చుండి, కూర్చుండలేనివాడు పరుండి, తలసంజ్ఞతో ఆచరించవచ్చును. బాటసారికి నాలుగు రకాతుల నమాజు రెండుగా తగ్గుతుంది. నీరు లభించని చోట శుచియైన మట్టితో తయమ్మం చేసుకోవచ్చును. ఈ సడలింపులన్నిటిలోను ఒక సూత్రం కనిపిస్తుంది. రూపం ఎంతైనా తగ్గవచ్చును. స్మృతి ఉన్నంతవరకు వేళకు హాజరు కావడం మాత్రం మానరాదు.

వేళలు ఐదు: ఉషఃకాలంలో ఫజ్ర్, మధ్యాహ్నం పొద్దు వాలిన పిదప జుహర్, అపరాహ్ణంలో అసర్, సూర్యాస్తమయానంతరం మగ్రిబ్, రాత్రి ఇషా. వీటిలో విధిగా చేయవలసిన రకాతులు వరుసగా 2, 4, 4, 3, 4, వెరసి 17. సంప్రదాయం ప్రకారం ఈ విధి ప్రవక్త ముహమ్మద్‌కు మేరాజ్ రాత్రి ఆదేశింపబడినది. మొదట ఏబదిగా విధింపబడి ఐదుకు తగ్గినదని, ఐదింటికి ఏబదింటి ఫలం ఉండునని హదీసులు చెబుతున్నవి.

ఈ కాలనిర్ణయం గడియారాన్ని కాక సూర్యుని అనుసరించినది. సికింద్రాబాదు రేఖాంశం సుమారు 78.5 డిగ్రీలు, భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానికి చెందినది. అందువలన ఇక్కడ మధ్యాహ్నరేఖను సూర్యుడు దాటే సమయం గడియారంలో పన్నెండు గంటలు కాదు. నవంబరు ఆరంభంలో అది సుమారు 12 గంటలకు, ఫిబ్రవరి నడుమ సుమారు 12 గంటల 30 నిమిషాలకు జరుగుతుంది. జుహర్ వేళ ఆ పిదపనే ఆరంభం. మసీదులలో వేళల పట్టికలు దినదినానికి కొద్దికొద్దిగా మారుతూ ఉండడానికి కారణం ఇదే.

అసర్ వేళను ఛాయతో నిర్ణయిస్తారు. సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారం చదివినవారికి ఈ పద్ధతి సుపరిచితం. పన్నెండు అంగుళాల శంకువును సికింద్రాబాదులో నిలిపితే, సూర్యుడు తలమీదికి వచ్చే మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్నచ్ఛాయ దాదాపు శూన్యం. డిసెంబరు చివరి భాగంలో అది పది అంగుళాలకు కొంచెం ఎక్కువ. ఆనాటి మధ్యాహ్నచ్ఛాయకు శంకువు పొడవు ఒక్కసారి కలిపినంత నీడ పడినప్పుడు అసర్ ఆరంభమని షాఫియీల మతం. రెండుసార్లు కలిపినంత పడినప్పుడని హనఫీల మతం. దక్కనులో హనఫీలు అధికసంఖ్యాకులు. హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన హద్రమీ అరబ్బుల సంతతివారు షాఫియీలు. కనుక ఒకే నగరంలో రెండు మసీదుల అసర్ వేళలకు ఋతువును బట్టి ముప్పావు గంట మొదలు గంటా ఇరవై నిమిషాల వరకు అంతరం ఉండవచ్చును. ఇది విరోధం కాదు. ఒకే ఛాయకు రెండు వ్యాఖ్యానాలు.

సంధ్యావందనంతో నమాజును పోల్చేవారు ఒక ముఖ్య భేదాన్ని గుర్తించవలెను. సంధ్యోపాసన అహోరాత్రాల సంధిని ఆశ్రయించినది. అందులో సూర్యునికి అర్ఘ్యప్రదానం ఉన్నది. నమాజు విషయంలో సూర్యుడు ఉదయించుచున్న క్షణం, నడినెత్తిన ఉన్న క్షణం, అస్తమించుచున్న క్షణం నిషిద్ధాలు. సూర్యోపాసనతో సాదృశ్యం కలుగరాదనే ఉద్దేశం హదీసులలో కనిపిస్తుంది. సూర్యుడు ఇక్కడ కాలాన్ని చూపే సాధనం మాత్రమే, ఉపాస్యుడు కాడు. రెండు సంప్రదాయాలూ ఒకే ఆకాశాన్ని చూసి కాలనియమం ఏర్పరచుకొన్నవి. ఆ చూపులకు ఆధారమైన సిద్ధాంతాలు వేరు. సామ్యాన్ని చెప్పి భేదాన్ని దాచడం గాని, భేదాన్ని చెప్పి సామ్యాన్ని దాచడం గాని శాస్త్రవిచారానికి తగదు.

అంగ విధానం

నమాజుకు పూర్వాంగాలు శరీర వస్త్ర స్థల శుద్ధి, ఆచ్ఛాదనం, కాలం, దిక్కు, సంకల్పం. ఖురాన్ ఐదవ సూరాలో వుజూ విధానం ఉన్నది: ముఖం కడుగుకొనడం, మోచేతుల దాకా చేతులు కడుగుకొనడం, తడిచేతితో తల తుడుచుకొనడం, చీలమండల దాకా కాళ్లు కడుగుకొనడం. ఇవి లోకంతో నిత్యం సంబంధం పెట్టుకొనే అవయవాలు. పాపాలు ఆ నీటితో జారిపోవునని హదీసులలో చెప్పడం చేత ఈ ప్రక్షాళనం బాహ్యశుద్ధితో ఆగేది కాదని తెలుస్తున్నది.

దిక్కును ఖిబ్లా అంటారు. తొలుత జెరూసలేము వైపు ఉన్న ఖిబ్లా హిజ్రీ 2వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 624లో, మక్కాలోని కాబా వైపునకు మారినది. ఆంధ్రదేశంలో ఖిబ్లా అంటే పడమర అని వాడుక. గణితం ప్రకారం సికింద్రాబాదు నుంచి కాబా దిక్కు సరిగా పడమర కాదు. పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి. అయితే దిక్కుకు స్వతస్సిద్ధమైన పవిత్రత ఉన్నదని అనుకొనరాదు. ముఖాన్ని తూర్పునకో పడమరకో తిప్పడం పుణ్యం కాదని, విశ్వాసం, బంధువులకు అనాథలకు బాటసారులకు ధనసహాయం, మాట నిలుపుకోవడం, కష్టంలో ఓర్పు ఇవే పుణ్యమని ఖురాన్ రెండవ సూరాలోని 177వ వాక్యం బోధిస్తున్నది. ఖిబ్లా మార్పును చెప్పిన సూరాలోనే ఈ బోధ కూడా ఉండడం దిక్కుకు ఉన్న పరిమితిని తెలుపుతున్నది.

సంకల్పాన్ని నియ్యత్ అంటారు. వైదిక సంకల్పంలో దేశకాలాలు, గోత్రనామాలు, ఫలం వాచ్యంగా చెప్పబడతాయి. నియ్యత్ హృదయగతం, ఏ వేళ నమాజు చేయుచున్నాడో మనస్సుకు తెలిసి ఉంటే చాలును. కర్మలకు విలువ ఉద్దేశాన్ని బట్టియే ఏర్పడునని చెప్పే హదీసు ముస్లిం సమాజంలో బహుళ ప్రచారం కలది.

ప్రధానాంగాలు క్రమంగా ఇవి. చేతులెత్తి దేవుని మహత్త్వాన్ని ప్రకటించే తక్బీర్‌తో నమాజు ఆరంభమవుతుంది. దీనికి తహ్రీమా అని పేరు. నిషిద్ధం చేయడమని అర్థం. ఆ క్షణం నుంచి లౌకిక సంభాషణ, భోజనపానాలు, అనవసరమైన కదలిక నిషిద్ధాలు. పిదప ఖియాం, అనగా నిలబడి ఫాతిహాను, మరికొంత ఖురాన్ భాగాన్ని పఠించడం. తరువాత రుకూ, నడుము వంచి మోకాళ్లపై చేతులుంచడం. ఆ పిమ్మట సజ్దా, నొసలు ముక్కు అరచేతులు మోకాళ్లు కాలివేళ్లు నేలకు తాకే విధంగా రెండుసార్లు సాగిలపడడం. ఇది ఒక రకాతు. నియత సంఖ్యలో రకాతులు ముగిసిన పిదప కూర్చుండి తషహ్హుద్ పఠించి, కుడి ఎడమలకు ముఖం తిప్పి సలాం చెప్పడంతో నమాజు సమాప్తమవుతుంది.

ఈ క్రమంలో ఒక అర్థవంతమైన నిర్మాణం ఉన్నది. మనిషి నిలువు క్రమంగా తగ్గుతుంది: నిలబడినవాడు వంగుతాడు, వంగినవాడు నేలకు ఒరుగుతాడు. శరీరం అత్యంత నిమ్నస్థితిలో ఉన్నప్పుడే దాసుడు ప్రభువుకు అత్యంత సమీపంలో ఉండునని హదీసు చెబుతున్నది. మొదటి పలుకు దేవుని మహత్త్వాన్ని గురించినది. చివరి పలుకు కుడి ఎడమల ఉన్నవారికి శాంతిని కోరేది. తక్బీర్‌తో లోకం నుంచి మరలినవాడు సలాంతో లోకానికే తిరిగి వస్తున్నాడు. నమాజు సన్న్యాసం కాదనడానికి ఈ సమాప్తివాక్యమే ప్రమాణం.

ఫాతిహాలో ఏడు వాక్యాలు. వాటిలో స్తుతి, దేవుని దయాగుణ కీర్తనం, తీర్పుదినపు అధిపతిగా ఆయనను అంగీకరించడం, ఆయననే సేవించి ఆయన సహాయమే కోరుదుమనే ప్రతిజ్ఞ, ఋజుమార్గాన నడిపింపుమనే వేడుకోలు ఉన్నవి. ఫర్జ్ రకాతులలో దీనిని పఠించేవారు దినమునకు 17 మారులు ఆ వేడుకోలును పలుకుతారు. నమాజులో ఉన్న యాచన ప్రధానంగా ఇదే. అడిగేది ధనం కాదు, ఆయుష్షు కాదు, మార్గం. అడిగేవాడు ఏకవచనంలో కాక బహువచనంలో అడుగుతాడు. ఒంటరిగా నమాజు చేసేవాడు కూడా తన కొరకు మాత్రమే మార్గం కోరడు.

భాషా సమస్య

నమాజులో పఠనం అరబీ భాషలోనే జరుగుతుంది. తెలుగే మాతృభాషగా గల దూదేకుల వంటి వర్గాలవారికి, ఇంట ఉర్దూ మాట్లాడేవారికి కూడా అరబీ నేర్చుకొన్న భాషయే. అర్థం తెలియని పఠనం వలన ప్రయోజనమేమి అనే ప్రశ్న ఇక్కడ సహజం. ఈ ప్రశ్న ప్రాచ్యవిద్యలో కొత్తది కాదు. మంత్రాలకు అర్థం లేదన్న కౌత్సుని వాదాన్ని యాస్కుడు నిరుక్త ప్రథమాధ్యాయంలో పూర్వపక్షంగా తీసుకొని ఖండించాడు. అర్థం తెలియక వల్లించేవాడు బరువు మోసే స్తంభం వంటివాడనే నింద కూడా అక్కడనే కనిపిస్తుంది.

ఇస్లాం ధర్మశాస్త్రంలోను ఈ చర్చ జరిగినది. హనఫీ సంప్రదాయ ప్రవర్తకుడు ఇమాం అబూ హనీఫా (మరణం 767) నమాజులో పారసీక పఠనాన్ని అనుమతించినట్లు ఆ సంప్రదాయ గ్రంథాలు పేర్కొన్నవి. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అషైబానీ అరబీ పలుకలేనివారికి మాత్రమే ఆ అనుమతి చెల్లునన్నారు. గురువు తరువాత శిష్యుల అభిప్రాయానికే వచ్చినట్లు కూడా చెప్పబడినది. తక్కిన సంప్రదాయాలు అరబీయేతర పఠనాన్ని అంగీకరించలేదు. ఫలితంగా విధిపఠనం అరబీలోను, అర్థగ్రహణం స్వభాషలోను జరగడమనే వ్యవస్థ స్థిరపడినది. శబ్దం అందరినీ ఒక పంక్తిలో నిలుపుతుంది. అర్థం ఒక్కొక్కరి హృదయాన్ని మేల్కొలుపుతుంది. ఒకటి లేకపోతే రెండవది కొరవడుతుంది.

తెలుగులో ఈ రెండవ పనికి పూనుకొన్నవారిలో ఆంధ్ర భాషా చరిత్ర రచయిత చిలుకూరి నారాయణరావు అగ్రగణ్యులు. సంస్కృతాంధ్ర పండితులైన ఆయన 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఖురాన్‌ను తెలుగు చేశారు. ఆ మతంలో పుట్టని ఒక భాషాశాస్త్రవేత్త ఆ గ్రంథాన్ని తెలుగువారికి అందించడం ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు విద్యార్థులకు చెప్పదగిన విషయం. పొరుగువారి ఉపాసనను తెలుసుకోవడం పాండిత్యానికి బాహ్యమని ఆ తరంవారు భావించలేదు.

ప్రయోజన విచారం

నమాజు ప్రయోజనాన్ని ఖురాన్ ప్రధానంగా రెండు చోట్ల చెప్పినది. ఇరువదవ సూరాలో మోషేకు కలిగిన ఆదేశంలో, దేవుని స్మరణ కొరకు సలాత్‌ను నిలబెట్టవలెనని ఉన్నది. ఇరువదితొమ్మిదవ సూరా 45వ వాక్యంలో, సలాత్ అశ్లీలం నుంచి, దుష్కార్యం నుంచి మనిషిని వారించునని ఉన్నది. మొదటిది అంతరంగ ప్రయోజనం, రెండవది బహిరంగ ప్రయోజనం. స్మరణ కారణం, నివారణ కార్యం. నాలుగు గంటల క్రితం దేవుని యెదుట నిలబడినవాడు, మరి రెండు గంటలకు తిరిగి నిలబడవలసినవాడు నడుమ చేసే పనిని గురించి ఆలోచించక తప్పదు. తూకంలో మోసం చేయబోయే వర్తకునికి జుహర్‌కు, అసర్‌కు నడుమ ఉన్న కాలం తక్కువ. ఐదు వేళలు దినమంతటా విస్తరించి ఉండడంలో ఉద్దేశం ఇదియే. ఐదింటినీ ఒకేమారు ఉదయాన ముగించుకొనే వీలు ఉంటే రకాతుల సంఖ్య సరిపోవును గాని ప్రయోజనం నెరవేరదు.

స్మరణ అంతరంగవిషయం కనుక దానికి బాహ్యాచారం చాలదు. ఈ సంగతిని విశదీకరించినవాడు ఇమాం గజాలీ (మరణం 1111). ఇహ్యా ఉలూముద్దీన్ అనే మహాగ్రంథంలో నమాజు రహస్యాలను గురించిన ప్రకరణంలో నమాజుకు ప్రాణప్రదమైన ఆరు భావాలను ఆయన పేర్కొన్నాడు: హృదయ సాన్నిధ్యం, అర్థావగాహన, పూజ్యభావం, భయభక్తి, ఆశ, లజ్జ. వీటిలో చివరిదైన లజ్జ విశేషమైనది. తాను చేసిన ఉపాసన చేయవలసిన విధంగా లేదనే ఎరుక నుంచి కలిగే సిగ్గు అది. ఉపాసన గర్వానికి కారణం కాకుండా కాపాడేది అదే.

సామాజిక ప్రయోజనం పంక్తిలో కనిపిస్తుంది. సామూహిక నమాజులో భుజం భుజం తాకేటట్లు నిలబడవలెను. ముందు వచ్చినవాడు ముందు వరుసలో నిలుస్తాడు. పదవిని బట్టి స్థానం మారదు. ఇమాం పురోహితుడు కాడు. దేవునికి, భక్తునికి మధ్యవర్తి కాడు. పఠనం బాగుగా తెలిసిన ఏ ముస్లిం పురుషుడైనా ముందు నిలిచి నమాజు జరిపించవచ్చును. హైదరాబాదు మక్కా మసీదును గురించిన ప్రసిద్ధ ఐతిహ్యం ఈ సందర్భంలో స్మరణీయం. 17వ శతాబ్ది ఆరంభంలో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా ఆ మసీదుకు శంకుస్థాపన చేయదలచి, బాల్యం నుంచి నమాజు తప్పనివాడు ముందుకు రావలెనని ప్రకటింపగా ఎవరును రాకపోవడంతో, అట్టి నియమం గల తానే పునాదిరాయి వేసినాడని చెప్పుకొంటారు. 1694లో ఔరంగజేబు కాలంలో నిర్మాణం ముగిసిన ఆ మసీదు చరిత్రకు ఈ కథ ఎంతవరకు ఆధారమో అటుంచి, ఇందులోని విలువ గ్రహించదగినది. కథలో పునాది వేసే అర్హత రాజరికం వలన రాలేదు, నియమం వలన వచ్చినది.

నియమం ఉన్నంత మాత్రాన ప్రయోజనం సిద్ధిస్తుందా అనేది చివరి ప్రశ్న. దీనికి ఖురాన్ ఇచ్చిన సమాధానం కఠినమైనది. నూట ఏడవ సూరా అయిన మాఊన్ ఏడు చిన్న వాక్యాల సూరా. అనాథను గెంటివేసేవానిని, పేదకు అన్నం పెట్టడానికి ప్రోత్సహించనివానిని అది ముందుగా పేర్కొంటుంది. వెంటనే, నమాజు చేస్తూ దానియెడ ఏమరుపాటుతో ఉండేవారికి, నలుగురి కంటికి కనబడుటకై చేసేవారికి, ఇరుగుపొరుగుకు చిన్నపాటి వాడుక వస్తువును సైతం ఇవ్వనివారికి వినాశాన్ని ప్రకటిస్తుంది. నమాజు మానినవారిని కాక చేసేవారినే ఈ సూరా హెచ్చరించినది. ఎరువు అడిగిన పొరుగువానికి గిన్నెయో, గొడ్డలియో, నీరో ఇవ్వడానికి వెనుదీసే చేతికి, సజ్దాలో నేలపై మోపిన చేతికి నడుమ విరోధం ఉన్నది. ఆ విరోధం ఉన్నంతవరకు నమాజు చేయబడినది, చదవబడినది, చెల్లింపబడినది కూడా కావచ్చును; నిలబెట్టబడలేదు.

పర్యవసానం

పై విచారం వలన కొన్ని సిద్ధాంతాలు తేలుతున్నవి. నమాజు మనోవాక్కాయాలు మూడింటినీ నియత కాలంలో ఒకచోట చేర్చే నిత్యవిధి. యాచన అందులో ఒక అంగం మాత్రమే, అదియును సన్మార్గయాచన. దాని అంతరంగ ప్రయోజనం స్మరణ, బహిరంగ ప్రయోజనం దుష్కార్య నివారణ. వీటికి పరీక్ష మసీదులో జరగదు, పొరుగింటి వాకిట జరుగుతుంది.

అనువాదకులకు, పాఠ్యగ్రంథ రచయితలకు దీని నుంచి ఒక ఆచరణీయమైన సూచన లభిస్తుంది. సలాత్‌కు తెలుగులో చిరకాలంగా నిలిచిన నమాజు అనే మాటనే వాడి, దుఆకు ప్రార్థన అని, జిక్ర్‌కు స్మరణ అని వేరువేరుగా వ్యవహరిస్తే మూలంలోని అర్థవివేకం తెలుగులో నిలుస్తుంది. ఇకామత్ క్రియ వచ్చిన చోట చేయడం అనక నెలకొల్పడం అనడం మంచిది. తరగతిలో ఈ భేదాన్ని ఒకసారి విన్న విద్యార్థి అజాన్ విన్నప్పుడు అది ఏదో కోరుకొనడానికి పిలుపని అనుకొనడు. ఒక ఋణాన్ని, ఒక నియమాన్ని, ఒక పంక్తిని జ్ఞప్తికి తెచ్చే పిలుపని గ్రహిస్తాడు.